కొండ ఎక్కితేనే బయటపడే జబ్బు

అరకు ఘాట్‌లో ఆవిరి కక్కిన ఓ డీజిల్ వ్యాను. తప్పు డ్రైవరుదని యజమాని అన్నాడు, హెడ్‌దని ఒక గ్యారేజీ, వాటర్ పంపుదని ఇంకొకటి. అసలు సంగతి ఎస్.కోటలో ఓ రేకుల షెడ్డు కింద తేలింది.

జనవరి ఆదివారం, ఉదయం తొమ్మిదిన్నర. టైడా దాటి నాలుగు మలుపులు ఎక్కాక, రోడ్డు పక్కన కాస్త వెడల్పున్న చోట తెల్ల వ్యాను ఒకటి ఆగింది. చుట్టూ పొగమంచు. స్వెటర్లు, మఫ్లర్లు వేసుకున్న పన్నెండు మంది ప్రయాణికులు కిందికి దిగి అరచేతులు రుద్దుకుంటున్నారు. మాట్లాడితే నోట్లోంచి ఆవిరి వస్తోంది. వ్యాను ముందు భాగం నుంచీ ఆవిరే వస్తోంది. ఇంత చలిలో ఇంజిన్ కాగిపోవడమేమిటో వాళ్లెవరికీ అంతుపట్టలేదు.

డ్రైవరుకు మాత్రం రెండు మలుపుల ముందే తెలుసు. ముల్లు ముప్పావు దాటగానే ఏసీ కట్టేశాడు. ఆగడానికి చోటు దొరికేదాకా రెండో గేరులోనే, ఇంజిన్ ఈడ్చకుండా బండిని తెచ్చాడు. ఆపిన వెంటనే తాళం తిప్పలేదు. కిందికి వంగి ఏ పైపూ పగల్లేదని, నీళ్లు ధారగా కారడం లేదని చూసుకుని, రెండు నిమిషాలు ఇంజిన్‌ను కాస్త ఎక్కువ వేగంతో ఉన్నచోటే తిరగనిచ్చాడు. ఫ్యాను, వాటర్ పంపు తిరుగుతుంటేనే లోపలి వేడి బయటికి పోతుంది. టక్కున ఆపేస్తే హెడ్‌లో నిలిచిపోయిన నీళ్లు అక్కడే మరుగుతాయి. ముల్లు కొంచెం దిగాక అప్పుడు ఆపాడు. నీళ్లన్నీ కారిపోయి ఉంటే మాత్రం కథ వేరు. తిప్పడానికి లోపల ఏమీ ఉండదు కనుక అలాంటప్పుడు మరుక్షణమే ఆపేయాలి.

ప్రయాణికుల్లో పెద్దాయన ఒకరు నీళ్ల సీసా పట్టుకుని ముందుకొచ్చారు. "మూత తీసి ఈ నీళ్లు పోసెయ్ బాబూ, చల్లబడుతుంది" అన్నారు.

"వద్దు సార్. ఇప్పుడు మూత తీస్తే ఈ నీళ్లు లోపలికెళ్లవు, ఆ నీళ్లు మన మొహం మీదకొస్తాయి" అన్నాడు డ్రైవరు. అతడి కుడి ముంజేతి మీద అరచేయంత పాత మచ్చ ఉంది. ఈ పాఠం అతడు ఎక్కడ నేర్చుకున్నాడో దాన్ని చూస్తే తెలుస్తుంది.

అతడి భయంలో శాస్త్రం ఉంది. మామూలుగా 100 డిగ్రీల దగ్గర మరిగే నీరు, వెయ్యి మీటర్ల ఎత్తులో 97 డిగ్రీల లోపే మరుగుతుంది. రేడియేటర్ మూతలో ఒక స్ప్రింగు ఉంటుంది. లోపలి ఒత్తిడిని అది బిగబట్టి ఉంచుతుంది కనుక ఆ నీరు 115 డిగ్రీలు దాటినా మరగకుండా ఓర్చుకుంటుంది. మూత తిప్పిన క్షణాన ఆ ఒత్తిడి పోతుంది. అప్పటిదాకా నీరుగా ఉన్నదంతా ఒక్కసారి ఆవిరై పైకి చిమ్ముతుంది. ఇక కాగిన ఇంజిన్ మీద చన్నీళ్లు పోయడం మరో ప్రమాదం. పోత లోహం ఒక్కసారిగా కుంచించుకుపోయి హెడ్ పగులు పట్టొచ్చు. చేయగలిగింది ఒక్కటే, ముప్పావుగంట ఆగడం. టూరిస్టు సీజన్లో ఆదివారం ఉదయం ముప్పావుగంట ఆగడమంటే బొర్రా గుహలు వదులుకున్నట్టే. ప్రయాణికులు గొణుక్కుంటూ వెనక వస్తున్న రెండు జీపుల్లో సర్దుకున్నారు. వ్యాను, డ్రైవరు, ఒక నీళ్ల క్యాను మిగిలాయి.

అప్పుడు విశాఖపట్నం నుంచి ఫోను మోగింది. యజమాని. ఆయనకు ఇలాంటి వ్యాన్లు అయిదున్నాయి. ఈ వ్యాను ఘాట్‌లో ఆగడం ఆ సీజన్లో మూడోసారి. మూడుసార్లూ స్టీరింగు మీద ఉన్నది ఈ కుర్రాడే. "మిగతా బళ్లు ఎక్కట్లేదా? నీ చేతిలోనే ఎందుకు హీటెక్కుతోంది? గేర్లు వెయ్యడం రాకపోతే చెప్పు" అన్నది ఫోనులో వినిపించిన సారాంశం. హెడ్ గ్యాస్కెట్ పోయి ఉంటుందని సిటీలో ఓ గ్యారేజీ అప్పటికే చెప్పి ఉంది. హెడ్ విప్పి, లేత్ షాపులో ఫేసింగ్ పట్టించి, కొత్త గ్యాస్కెట్ వేసి బిగించాలంటే ముప్పై వేల మాట. అందులో సగం జీతంలో కోస్తానని యజమాని తేల్చేశాడు. నెలజీతం మీద, ట్రిప్పు బత్తా మీద బతికేవాడికి ఆ సగం చిన్న మొత్తం కాదు. అంతకన్నా పెద్ద నష్టం ఇంకొకటుంది. 'బండి కాల్చేసే డ్రైవరు' అన్న పేరు ఒకసారి వస్తే ఆ స్టాండులో ఇంకెవరూ తాళం చేతికివ్వరు.

ఘాట్‌ది తప్పా?

విశాఖపట్నం నుంచి అరకు సుమారు 115 కిలోమీటర్లు. సగం దూరం దాకా, అంటే శృంగవరపుకోట వరకూ దారి చదునే. వరిచేలు, మామిడి తోటలు, మధ్యమధ్యలో తాటిచెట్లు. ఎస్.కోట దాటి బొడ్డవర వచ్చేసరికి ఎదురుగా కొండలు గోడలా నిలబడతాయి. అక్కడి నుంచి టైడా, దముకు, అనంతగిరి మీదుగా గాలికొండ దాకా ఎక్కుడే ఎక్కుడు. పక్కనే, కొన్నిచోట్ల కనిపిస్తూ కొన్నిచోట్ల సొరంగాల్లో దాక్కుంటూ, కొత్తవలస-కిరండూల్ రైలు మార్గం కూడా ఎక్కుతుంది. బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు దించి జపాన్‌కు పంపడం కోసం 1960లలో వేసిన లైను అది. ఆ దారిలోని శిమిలిగూడ స్టేషను 996 మీటర్ల ఎత్తున ఉండి, బ్రాడ్‌గేజ్ స్టేషన్లలోకెల్లా ఎత్తైనదిగా చాలాకాలం పేరు మోసింది. ఖనిజం కిందికి దిగడానికి వేసిన దారిలో ఇప్పుడు టూరిస్టులు పైకి ఎక్కుతున్నారు. 2017లో అద్దాల పెట్టె వచ్చాక రైలు టికెట్లకు గిరాకీ పెరిగింది. అరకు కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు దక్కింది. టికెట్ దొరకనివాళ్లు, కుటుంబమంతా కలిసి వెళ్లాలనుకునేవాళ్లు వ్యాను మాట్లాడుకుంటారు. డిసెంబరు, జనవరి ఆదివారాల్లో దముకు దగ్గర కాఫీ తాగడానికి ఆగిన బళ్ల వరస రెండు మలుపుల దాకా ఉంటుంది.

ఆ వరసలో బానెట్ లేపి నిలబడ్డ బండి ఒక్కటైనా లేని ఆదివారం అరుదు. డ్రైవర్లు "ఘాట్ కదండీ, హీటెక్కుతుంది" అంటారు. అది సగం నిజం. డీజిల్ ఇంజిన్‌లో మండిన ఇంధనపు శక్తిలో మూడో వంతుకు కాస్త అటూ ఇటూగా మాత్రమే బండిని లాగే పనికి వస్తుంది. మిగిలినదాంట్లో కొంత సైలెన్సర్ గుండా పొగలో పోతుంది. కొంత నీటిలోకి దిగి, రేడియేటర్ దాకా వెళ్లి, గాలిలో కలవాలి. చదును రోడ్డు మీద ఇంజిన్ తన సత్తువలో కొంత వాడితే చాలు, పైగా బండి వేగానికి ఎదురుగాలి ఉచితంగా వస్తుంది. ఘాట్‌లో రెండూ తలకిందులవుతాయి. ఇంజిన్ పూర్తి బలంతో లాగుతుంది, బండి వేగం ఇరవై దాటదు. వేడి ఎక్కువ, గాలి తక్కువ. అప్పుడు భారమంతా ఫ్యాను, పంపు, రేడియేటర్ల మీదే.

అయితే బండిని తయారు చేసినవారికి ఈ లెక్క తెలియనిది కాదు. ఆరోగ్యంగా ఉన్న వ్యాను పన్నెండు మందితో, ఏసీ వేసుకుని కూడా ఈ ఘాట్ ఎక్కాలి. చాలా వ్యాన్లు ఎక్కుతూనే ఉన్నాయి. ఘాట్ కొత్తగా జబ్బు పుట్టించదు. మైదానంలో దాగిన జబ్బును అది బయటపెడుతుంది. ఆ జబ్బేమిటో కనిపెట్టడంలోనే ఇబ్బందంతా. అతివేడి అనేది జ్వరంలాంటిది. జ్వరం కనిపిస్తుంది, దాని కారణం కనిపించదు.

చల్లారేదాకా ఆగిన మేస్త్రి

ముప్పావుగంట గడిచాక మూత మీద తడిగుడ్డ వేసి, కొంచెం కొంచెంగా తిప్పి, మిగిలిన ఒత్తిడి వదిలి, ఇంజిన్ స్టార్ట్ చేసి, సన్నటి ధారగా నీళ్లు పోశాడు డ్రైవరు. నాలుగు లీటర్లు పట్టింది. బండిని వెనక్కి తిప్పి రెండో గేరులో దిగాడు. దిగుడులో ఇంజిన్‌కు పని ఉండదు కనుక వేడి సమస్య లేదు. అయినా న్యూట్రల్ చేయలేదు, ఇంజిన్ ఆపలేదు. ఇంజిన్ ఆగితే బ్రేకుకు దాని సాయం పోతుంది, న్యూట్రల్ చేస్తే బరువంతా బ్రేకుల మీదే పడుతుంది. కాగిన ఇంజిన్‌ను కాపాడుకోబోయి బ్రేకులు కాల్చుకున్నవారి కథలు ఈ ఘాట్‌లో ఉన్నాయి.

ఎస్.కోటలో మెయిన్ రోడ్డుకు కాస్త లోపలగా రేకుల షెడ్డు ఉంది. మేస్త్రికి యాభై దాటాయి. పని నేర్చుకున్నది గాజువాక ఆటోనగర్‌లో, అప్పట్లో లారీల మీద. బండి రాగానే ఆయన పానా ముట్టుకోలేదు. స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

"ఏటైనాది తమ్ముడూ? మొదట్నుంచి సెప్పు."

"ఘాట్‌లో హీటెక్కేస్తంది గురూగారు. సిటీలో హెడ్ గ్యాస్కెట్ పోయిందన్నారు."

"ఆలన్నది కాదు. నువ్వు సూసింది సెప్పు. ముల్లు టక్కున లేస్తదా, మెల్లగా లేస్తదా?"

మెల్లగానే. బొడ్డవర దాకా అసలు లేవదు. టైడా దాటాక లేస్తుంది. ఎంత నీరు పడుతోంది? ఆవిరి పోయినప్పుడు తప్ప పట్టదు. పొగ తెల్లగా వస్తోందా? లేదు. ఇంతకుముందు ఏం మార్చారు? పోయిన నెల వాటర్ పంపు, అంతకుముందు ఫ్యాను బెల్టు. ఎందుకు మార్చారు? ఎవరో మార్చమన్నారు. మేస్త్రి తలూపి, బండి షెడ్డులో పెట్టి రేపు పొద్దున రమ్మన్నాడు. డ్రైవరు మొహం పడిపోయింది. ఒకరోజు బండి ఆగితే ఒకరోజు బత్తా పోతుంది. కానీ వేడి ఇంజిన్ దగ్గర చూడలేనివి కొన్ని చల్లటి ఇంజిన్ దగ్గరే కనిపిస్తాయి.

మర్నాడు ఏడు గంటలకు పని మొదలైంది. ఖర్చు లేనివి ముందు, ఖర్చయ్యేవి తరవాత, విప్పాల్సినవి ఆఖరున. ఇదీ ఆయన వరస. ముందుగా ఆయిలు పుల్ల లాగి చూశాడు. ఆయిలు నల్లగా ఉంది, మజ్జిగలా తెల్లబారలేదు. అంటే నీరు ఆయిలులో కలవడం లేదు. రేడియేటర్ మూత తీసి, దాని అడుగునున్న రబ్బరు వాషరు మీద గోరు గీశాడు. గట్టిపడి, అంచు చీలి ఉంది. స్ప్రింగును బొటనవేలితో నొక్కితే ఎదురు తిరిగే బలమే లేదు. ఒత్తిడి నిలవని మూత అంటే, మరగకూడని వేడి దగ్గరే నీరు మరిగిపోతుంది. ఇది ఒకటి. పక్కన పెట్టాడు. నీటిలో వేలు ముంచి తీశాడు. టీ డికాక్షన్ రంగు. కూలెంట్ వాసన లేదు, రంగు లేదు, ఎక్కడో పట్టిన బోరు నీళ్లు. ఫ్యాను బెల్టును రెండు కప్పీల మధ్య నొక్కితే అరంగుళం లోపే వంగింది. బాగానే ఉంది. వాటర్ పంపు కొత్తది, కింద కారిన చారలేమీ లేవు. కింది హోస్ పైపును పిసికి చూశాడు. మెత్తబడ్డ పైపయితే పంపు పీల్పుకు లోపలికి అతుక్కుపోయి నీటిదారి మూసేస్తుంది. ఇది గట్టిగానే ఉంది.

తరవాత టార్చి వేసి రేడియేటర్ ముందువైపు చూశాడు. బాగానే కనిపించింది. అందరూ అక్కడే ఆగిపోతారు. ఆయన ఏసీ కండెన్సర్‌ను పట్టిన రెండు బోల్టులు వదులు చేసి ముందుకు వంచాడు. కండెన్సర్‌కీ రేడియేటర్‌కీ మధ్య సందులో చెత్త దుప్పటిలా పేరుకుని ఉంది. పురుగులు, గడ్డిగింజలు, మట్టి, అన్నిటికన్నా ఎక్కువగా వరి తాలు. కోతల కాలంలో రోడ్ల మీద ధాన్యం ఆరబోస్తారు, దాని మీదుగా బళ్లు నడుస్తాయి, ఎగిరిన తాలును ఫ్యాను లోపలికి పీల్చుకుంటుంది. రేడియేటర్ మొహంలో మూడో వంతుకు గాలే ఆడడం లేదు. ఇది రెండు.

డ్రైవరుకు ఉత్సాహం వచ్చింది. "ఇదే గదా గురూగారు? కడిగేస్తే అయిపోద్ది గదా?"

"ఇదీ ఉంది. ఇదొక్కటే అనుకుంటే మళ్లీ కొండ మీద ఆగుతావు."

నీళ్లలో కనిపించిన ఆధారం

ఇప్పుడు అసలు అనుమానం, ముప్పై వేల అనుమానం మిగిలింది. హెడ్ గ్యాస్కెట్. సిలిండరులో మండే వాయువు గ్యాస్కెట్ పగులు గుండా నీటిదారిలోకి దూరితే రేడియేటర్‌లో బుడగలు లేస్తాయి. చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసిన నిమిషానికే, నీరు ఇంకా వేడెక్కకముందే పై హోస్ రాయిలా గట్టిపడుతుంది. మేస్త్రి మూత తీసిపెట్టి, అంచుదాకా నీరు నింపి, ఇంజిన్ వేయమన్నాడు. ఇద్దరూ రేడియేటర్ మూతి మీదకు వంగారు. డ్రైవరు ఊపిరి బిగబట్టాడు. ఒక్క బుడగ వస్తే అతడి జీతం పోయినట్టే.

మొదట రెండు మూడు పెద్ద బుడగలు వచ్చాయి. పోసేటప్పుడు చిక్కుకున్న గాలి అది. ఆ తరవాత ఏమీ లేవు. అయిదు నిమిషాలు చూశారు, యాక్సిలరేటర్ పెంచి చూశారు. లేవు. పై హోస్ మెత్తగానే ఉంది. హెడ్ గ్యాస్కెట్ మీద నేరం రుజువు కాలేదు.

కానీ మేస్త్రి మొహంలో ఊరట లేదు. ఆయన చూస్తున్నది బుడగల కోసం కాదిప్పుడు. నీరు కదులుతోంది. ఇంజిన్ వేసిన క్షణం నుంచే రేడియేటర్ మూతి కింద నీరు వాగులా పారుతోంది.

"సల్లటి ఇంజినులో ఈ నీరు కదలకూడదు తమ్ముడూ" అన్నాడు. "ఇంజిను కాగేదాకా రేడియేటర్‌కి దారి మూసి ఉండాలి. ఇక్కడ తలుపే లేదు."

ఆ తలుపు పేరు థర్మోస్టాట్. పిడికిలిలో ఇమిడే ఇత్తడి, ఉక్కు ముక్క. లోపల చిన్న గిన్నెలో మైనం ఉంటుంది. నీరు సుమారు 82 డిగ్రీలకు చేరాక మైనం కరిగి వ్యాకోచించి తలుపు తెరుస్తుంది. అప్పటిదాకా నీరు రేడియేటర్ వైపు పోకుండా, బైపాస్ అనే అడ్డదారిలో ఇంజిన్‌లోనే తిరుగుతుంది. అందువల్ల ఇంజిన్ త్వరగా వేడెక్కి, పని చేయాల్సిన వేడిలో నిలబడుతుంది. నాలుగు బోల్టులు విప్పి పై హోస్ మూతి తీస్తే ఇంట్లో ఎవరూ లేరు. ఖాళీ గూడు. ఎప్పుడో, ఎవరో, పీకి పారేశారు.

అక్కడే డ్రైవరు ఎదురు ప్రశ్న వేశాడు. తలుపు లేకపోతే నీరు ఇంకా బాగా పారుతుంది, ఇంజిన్ ఇంకా చల్లగా ఉండాలి కదా? ఎవరికైనా వచ్చే అనుమానమే. చాలా బళ్లలో థర్మోస్టాట్ లేకపోవడానికి కారణం కూడా ఈ తర్కమే. ఎండ దేశానికి ఇదెందుకన్నది పాత లారీల కాలం నుంచి వస్తున్న నమ్మకం. ఒకసారి ఇరుక్కుపోయి బండిని కాల్చిందంటే, కొత్తది వేసే బదులు తీసేయడమే మందు అనుకుంటారు.

మేస్త్రి నేల మీద సుద్దముక్కతో గీసి చూపించాడు. ఈ రకం ఇంజిన్లలో థర్మోస్టాట్‌కు ఒకటి కాదు, రెండు రేకులుంటాయి. పై రేకు రేడియేటర్ దారి తెరుస్తుంటే, కింది రేకు అదే సమయంలో బైపాస్‌ను మూస్తుంది. ఒక తలుపు తెరవడమే కాదు, ఇంకో తలుపు మూయడం కూడా దాని పనే. మొత్తం ముక్క పీకేస్తే బైపాస్ ఎప్పటికీ తెరిచే ఉంటుంది. అది పొట్టిదారి, సులువైన దారి. పంపు తోసే నీటిలో కొంత రేడియేటర్ మొహమే చూడకుండా కాగింది కాగినట్టే మళ్లీ ఇంజిన్‌లోకి వెళ్లిపోతుంది. చదును మీద మిగతా నీరు చాలు, పైగా ఎక్కువే. ఘాట్‌లో, మూడో వంతు రేడియేటర్‌కు తాలు అడ్డుపడి, మూత ఒత్తిడి నిలపని స్థితిలో, అది చాలదు. మూడు చిన్న లోపాలు. విడివిడిగా ఏ ఒక్కటీ బండిని ఆపేది కాదేమో. టైడా మలుపుల్లో మూడూ కలిశాయి.

"వైజాగ్ రోడ్ల మీద ముల్లు ఎక్కడుంటాది?" అడిగాడు మేస్త్రి.

"పావు కూడా దాటదు గురూగారు. ఒకోసారి అడుగునే ఉంటాది. బండి ఎంత కూల్‌గా ఉంటాదో!"

ఆ మాట అనేశాక డ్రైవరుకే అర్థమైంది. ఇన్నాళ్లూ అతడు మెచ్చుకున్నదే జబ్బు గుర్తు. ఆరోగ్యంగా ఉన్న ఇంజిన్ ముల్లు దాదాపు సగం దగ్గర నిలబడాలి. చల్లగా తిరిగే డీజిల్ ఇంజిన్‌లో ఇంధనం సరిగా మండదు, ఆయిలు త్వరగా చెడుతుంది, సిలిండర్లు అరుగుతాయి. ఈ వ్యాను మైలేజీ మిగతా నాలుగు వ్యాన్ల కన్నా తక్కువని యజమాని ఆర్నెల్లుగా గొడవ పడుతున్నాడు. డీజిలు అమ్ముకుంటున్నావా అని కూడా ఒకసారి అడిగాడు. ఘాట్‌లో ఆవిరి, సిటీలో తగ్గిన మైలేజీ, ఈ రెండు నిందలకూ మూలం ఒకే ఖాళీ గూడు.

బొంగు చికెన్ ఖరీదు

మందు కష్టమైనది కాదు. కొత్త థర్మోస్టాట్ మధ్యాహ్నం బస్సులో విశాఖ నుంచి వచ్చింది. అరకులో రెండు బొంగు చికెన్ పార్సిళ్ల ఖరీదు. బిగించేముందు మేస్త్రి దాన్ని దారం కట్టి, నీళ్ల గిన్నెలో వేలాడదీసి, స్టవ్ మీద పెట్టాడు. థర్మామీటరు 80 దాటాక తలుపు కదిలింది, 95 దగ్గర పూర్తిగా తెరుచుకుంది. కొత్త వస్తువును కూడా నమ్మకుండా చూసుకోవడం ఆటోనగర్ అలవాటు. దాని అంచున గాలి తప్పించుకునే చిన్న రంధ్రాన్ని పైవైపుకు ఉంచి బిగించాడు. రేడియేటర్‌ను ఇంజిన్ వైపు నుంచి ముందుకు, అంటే చెత్త వచ్చిన దారికి ఎదురుగా, నీటితో కడిగాడు. ముందు నుంచి కడిగితే తాలు ఇంకా లోపలికి దూరుతుంది. నీటి ఒత్తిడి ఎక్కువైతే పల్చటి రెక్కలు వంగిపోతాయి. లోపలి డికాక్షన్ నీళ్లు తీసేసి, తెల్లగా వచ్చేదాకా మూడుసార్లు నింపి వదిలాడు. సగం కూలెంట్, సగం డిస్టిల్డ్ వాటర్ కలిపి పోశాడు. బోరు నీటిలోని ఉప్పులు చారు గిన్నె అడుగున పట్టినట్టు గొట్టాల్లో పొలుసు కడతాయి. కూలెంట్ మరిగే స్థాయిని పెంచడమే కాదు, తుప్పునూ ఆపుతుంది. కొత్త మూత వేశాడు. ఇంజిన్ వేసి, గాలి బుడగలు పోయేదాకా నింపుతూ, పై హోస్ మీద చెయ్యి పెట్టి నిలబడ్డాడు. పది నిమిషాలు చల్లగా ఉంది. తరవాత ఒక్కసారిగా వెచ్చబడింది. తలుపు తెరుచుకుంది.

మొత్తం బిల్లు నాలుగు వేల లోపు. పోయిన నెల అవసరం లేకుండా మార్చిన వాటర్ పంపుకే అంతకన్నా ఎక్కువైంది.

ఇక్కడ ఆలోచించాల్సింది ఇంజిన్ గురించే కాదు. ఈ వ్యాన్ల వ్యాపారంలో బండి ఒకరిది, స్టీరింగు ఇంకొకరిది, రిపేరు మూడోవారిది. కూలెంట్‌కు బదులు బోరు నీళ్లు పోయమన్నది, థర్మోస్టాట్ తీసేస్తే చాలన్నది, మూత మార్చకుండా నాలుగేళ్లు నడిపింది ఎవరైనా కావచ్చు. వాటి ఫలితం బయటపడేటప్పుడు స్టీరింగు మీద ఉన్నవాడే దొరుకుతాడు. కారణం వెతకకుండా వస్తువులు మార్చుకుంటూ పోయే గ్యారేజీకి నష్టం లేదు, ప్రతిసారీ బిల్లు వస్తుంది. వరసగా చూసి తేల్చే మేస్త్రికి ఒక్కసారే, అదీ చిన్న బిల్లు వస్తుంది. నిదానంగా ఆలోచించినందుకు బిల్లులో గడి ఉండదు.

కొత్త బళ్లతో ఈ లెక్క మారుతుందా? 2020 ఏప్రిల్ నుంచి దేశమంతా బీఎస్-6 నిబంధనలు అమలయ్యాక వచ్చిన డీజిల్ వ్యాన్లలో వేడిని కంప్యూటర్ కనిపెట్టుకుని ఉంటుంది. మితిమీరితే ఇంజిన్ బలాన్ని అదే తగ్గించేస్తుంది. థర్మోస్టాట్ పీకేస్తే ఇంజిన్ వేడెక్కడం లేదని దీపం వెలిగించి ఫిర్యాదు చేయగలదు. మరోవైపు కొత్త జబ్బులూ వచ్చాయి. పొగను చల్లబరిచి మళ్లీ ఇంజిన్‌లోకి పంపే కూలర్ లోపల చిల్లుపడితే, బయట ఒక్క చుక్క కారకుండానే నీరు మాయమవుతుంది. స్కానర్ ఒక అంకె చెబుతుంది. కండెన్సర్ వెనక తాలు ఉందని చెప్పదు. తిరుమల ఘాట్‌లో 2022 నుంచి విద్యుత్ బస్సులు తిరుగుతున్నాయి. వాటికి రేడియేటర్ మూత తీసే పని డ్రైవరుకు లేకపోవచ్చు. అయితే బ్యాటరీలకూ వేడి పడదు, వాటినీ చల్లబరచాల్సిందే. పాత డీజిల్ వ్యాన్లు మాత్రం అరకు రోడ్డు మీద ఇంకా కొన్నేళ్లు ఉంటాయి.

మూడో రోజు ఉదయం పరీక్ష. ప్రయాణికులకు బదులు పది సిమెంటు బస్తాలు, డ్రైవరు పక్కన మేస్త్రి. బొడ్డవర దగ్గరే ముల్లు సగానికి వచ్చింది. పావు దగ్గర చూడటానికి అలవాటుపడ్డ డ్రైవరు ఉలిక్కిపడి యాక్సిలరేటర్ మీద కాలు తీశాడు. "తొక్కు, అది ఉండాల్సింది ఆడే" అన్నాడు మేస్త్రి. టైడా దాటింది. బండి ఆగిన మలుపు వచ్చింది. ముల్లు ఒక గీత పైకి జరిగి, అక్కడే నిలబడింది. ఏసీ వేశారు. దముకు వచ్చేసింది.

కాఫీ తాగుతూ డ్రైవరు యజమానికి ఫోను చేశాడు. సంభాషణ నిమిషం కూడా సాగలేదు. జీతంలో కోత లేదు. ఆదివారం ట్రిప్పు ఉంది, నాలుగున్నరకు రావాలి. అంతకుమించి అవతలి నుంచి ఏ మాటా రాలేదు. డీజిలు సంగతి ఎత్తనేలేదు. డ్రైవరు ఫోను జేబులో పెట్టుకుని, పగిలిన పాత మూతను వ్యాను డాష్‌బోర్డు మీద వినాయకుడి పక్కన పెట్టాడు.

దిగేటప్పుడు టైడా కన్నా పైన, అదే వెడల్పాటి చోట ఇంకో వ్యాను బానెట్ లేపి ఉంది. దాని డ్రైవరు చేతిలో గుడ్డ పట్టుకుని మూత వైపు వంగుతున్నాడు. ఇతడు బండి పక్కకు ఆపి, క్యాను తీసుకుని దిగుతూనే కేకేశాడు. "మూత ముట్టుకోకు అన్నియ్యా, ముప్పావుగంట ఆగు." దగ్గరకెళ్లి, క్యాను కింద పెట్టి, రోడ్డు పక్క రాయి మీద కూర్చున్నాడు.

"ముందు ఇది సెప్పు. కింద, వైజాగ్‌లో ముల్లు ఎక్కడుంటాది?"